ప్రతి మనిషికీ సొంత గొంతు ఇవ్వండి: బెథెస్డా గేమ్ స్టూడియోస్‌కు బహిరంగ లేఖ

ఆటల దర్శకుడు టాడ్ హోవర్డ్ గారికి, ‘ది ఎల్డర్ స్క్రోల్స్’ వీడియో గేమ్‌ల వరుసలో ఆరో భాగం మీద పనిచేస్తున్న రచయితలకు, వాయిస్ డైరెక్టర్లకు నమస్కారం.

ఆ ఆటను మీరు 2018 జూన్‌లో ప్రకటించారు. నిమిషం కూడా లేని వీడియో అది. పొగమంచు, కొండలు, సముద్రం అంచు, వెనక మాకు బాగా తెలిసిన మీ సంగీతం. ఆ కొండలు మీ కల్పిత లోకంలోని హ్యామర్‌ఫెల్ దేశానివా, హై రాక్ దేశానివా అని అప్పటి నుంచి ఆటగాళ్లు వాదించుకుంటూనే ఉన్నారు. మా తెలుగువాళ్లూ తక్కువేం తినలేదు. నాకు మాత్రం మ్యాపు మీద అంత పట్టింపు లేదు. ఆ దేశంలో అడుగుపెట్టాక నన్ను పలకరించే మనుషుల గొంతులు ఎలా ఉంటాయన్నదే నా టెన్షన్. ఈ ఉత్తరం ఆ ఒక్క విషయం గురించే. ఇది మీతో ఎంత చెప్పుకోవాలో, మీ ఆటలు ఆడే మావాళ్లతోనూ అంతే చెప్పుకోవాలనిపించి తెలుగులో రాస్తున్నాను.

నేను అడిగేది సూటిగా ముందే చెప్పేస్తాను. ఆటలో మాతో నడిచే ప్రతి తోడు పాత్రకీ తనదైన గొంతు ఉండాలి. అది ఇంకెవరి నోటి నుంచీ వినపడకూడదు. మేము తయారు చేసుకున్న హీరో గొంతును మాకే వదిలేయాలి. ఆ గొంతులన్నీ మనుషులవే అయ్యుండాలి.

ఇదే వరుసలో అయిదో ఆట స్కైరిమ్‌లో లిడియా సంగతే చూడండి. వైట్‌రన్ అనే ఊరి బయట మొదటి డ్రాగన్‌ను చంపి వచ్చాక అక్కడి పాలకుడు జార్ల్ బాల్‌గ్రూఫ్ మనకు థేన్ అనే గౌరవ పదవి ఇచ్చి, ఆమెను మనకు అంగరక్షకురాలిగా ఇస్తాడు. మన మూట ఆమె చేతికి ఇవ్వబోతే ‘మీ బరువులు మోస్తానని ప్రమాణం చేశాను’ అంటుంది. చదివితే అది వట్టి విధేయత. వింటే వేరు. ఆ నటి దాన్ని పలికిన తీరులో చిన్న విసుగు ఉంది, ‘తప్పుతుందా మరి’ అన్న ధోరణి ఉంది. ఆ ఒక్క వాక్యంతోనే లిడియాకు ఒక స్వభావం వచ్చేసింది. మాట మీద నిలబడే మనిషి, కానీ చాకిరీ చేయించుకుంటున్నామని ఆమెకు తెలుసు, ఆ సంగతి మనకు తెలియాలనీ ఉంది. లక్షల మంది ఆటగాళ్లు ఆ గొంతులోని విసుగును పట్టుకుని ఆమె మీద జోకులు వేసుకున్నారు, బొమ్మలు గీశారు, కథలు రాసుకున్నారు. మీరు ఆమెకు పెద్ద గతం ఏమీ రాయలేదు. గొంతే ఆమెను మనిషిని చేసింది.

నా ఆటలో లిడియా డ్రౌగర్లు, అంటే నడిచే శవాలు, ఉండే ఒక సమాధుల గుహలో చనిపోయింది. పాత సేవ్‌కు వెళ్లి ఆమెను బతికించుకోవచ్చు. కానీ అది నా కథలో నిజంగా జరిగినట్టే ఉంచాలనిపించి అలాగే ముందుకు వెళ్లాను. చాలా రోజులకు సాలిట్యూడ్‌లో ప్రౌడ్‌స్పైర్ మేనర్ కొన్నప్పుడు జోర్డిస్ అనే ఇంకో అంగరక్షకురాలు వచ్చింది. వేరే ఊరు, వేరే ముఖం, వేరే జుట్టు. సామాను ఇవ్వబోయాను. అదే గొంతు, అదే వాక్యం, అదే విసుగు. ‘మీ బరువులు మోస్తానని ప్రమాణం చేశాను.’ అప్పటిదాకా గుహలో వదిలేసి వచ్చింది ఒక మనిషిని అనుకుంటున్నాను. ఆ క్షణంలో ఆమె ఒక సౌండ్ ఫైలు అయిపోయింది. లిడియా చావు కంటే నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఇది ఎలా జరుగుతుందో మోడ్లు, అంటే ఆటకు సొంతంగా మార్పులు చేర్పులు, చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. అందుకు మీరిచ్చిన క్రియేషన్ కిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాత్రలకు వాయిస్ టైప్ అని ఒకటి కేటాయిస్తారు. తోడు వచ్చేవాళ్ల మామూలు మాటలు మనిషికి కాకుండా ఆ టైపుకు అతుక్కుని ఉంటాయి. ఒకే టైపు పడినవాళ్లందరి నోట్లోంచీ అవే మాటలు వస్తాయి. ఎందుకలా చేశారో అర్థం చేసుకోగలను. 2011లో స్కైరిమ్‌కు 70 మందికి పైగా నటులతో 60,000కు పైగా వాక్యాలు రికార్డు చేయించారు. ఎక్స్‌బాక్స్ 360లో అదంతా ఒక్క డిస్కులో పట్టాలి. ఎక్కడో ఒకచోట పొదుపు చేయక తప్పదు. కాపలావాళ్లందరూ మోకాలికి బాణం తగిలిన కథే చెప్పడం అలాంటి పొదుపే. దాన్ని లోకమంతా నవ్వుకుని వదిలేసింది, నాకూ దాని మీద ఫిర్యాదు లేదు. కాపలావాడు దారిన పోయేవాడు. లిడియా అలా కాదు, వంద గంటలు నా వెనకే నడిచిన మనిషి. పొదుపు చేయాల్సిన చోటు అది కాదు.

ఆ సంగతి మీకు వెంటనే తెలిసినట్టే ఉంది. 2012లో స్కైరిమ్‌కు అనుబంధంగా వచ్చిన డాన్‌గార్డ్‌లో సెరానాను తోడుగా ఇచ్చారు. లారా బెయిలీ ఆమెకు గొంతిచ్చింది. వందల ఏళ్లు రాతి పెట్టెలో నిద్రపోయి లేచిన రక్తపిశాచి. ఎండలోకి వస్తే చిరాకుపడుతుంది, తలమీదికి ముసుగు లాక్కుంటుంది. ఊళ్లో ఆగితే కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. తల్లి గురించి అడిగితే గొంతు బిగుసుకుంటుంది. ఆమె మాట ఇంకెవరి నోటా వినపడదు కాబట్టి ఆమెను ఇంకెవరితోనూ పొరబడలేం. సెరానాను పెళ్లి చేసుకునే వీలు మీరు ఇవ్వకపోతే ఆటగాళ్లు మోడ్లు చేసి మరీ ఆ వీలు తెచ్చుకున్నారు. ఖజీట్ అనే పిల్లి జాతికి చెందిన నీలిరంగు ఇనిగోను మీరు తయారు చేయలేదు, ఒక అభిమాని మోడ్‌గా చేశాడు. తానే రాసి, తానే గొంతిచ్చి, ఏడు వేలకు పైగా వాక్యాలు రికార్డు చేశాడు. జనం ఆ ఇనిగోను ఇష్టంగా వెంటబెట్టుకుని తిరుగుతున్నారు. ఇంట్లో కూర్చుని ఒక్క మనిషి చేయగలిగింది మీ అంత స్టూడియోకు కష్టమని నేను నమ్మను.

ఇక స్కైరిమ్‌కు ముందు వచ్చిన ఆట ఆబ్లివియన్. 2006లో చక్రవర్తి యూరియల్ సెప్టిమ్‌కు పాట్రిక్ స్టూవర్ట్‌ను తెచ్చారు, ఆయన కొడుకు మార్టిన్‌కు షాన్ బీన్‌ను, విలన్ మాన్‌కార్ కామరాన్‌కు టెరెన్స్ స్టాంప్‌ను తెచ్చారు. వాళ్ల మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి, కాదనను. కానీ చక్రవర్తి ఆట మొదలైన కాసేపటికే చనిపోతాడు. ఆ తర్వాత కథ జరిగే సిరొడీల్ దేశమంతటా మనం తిరిగేది దుకాణదారులు, రైతులు, పూజారులు, దొంగల మధ్య. వాళ్లకు మిగిలింది జాతికి ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు. అదీ పూర్తిగా దక్కలేదు. ఉత్తరాది మనుషులైన నార్డ్‌లకూ, రాక్షసుల్లాంటి ఆర్క్‌లకూ ఒకే గొంతు పంచారు. మొనదేలిన చెవుల ఎల్ఫ్‌లలో మూడు జాతులుంటే మూడింటికీ ఒకటే. పిల్లి రూపంలో ఉండే ఖజీట్‌లకూ, బల్లి రూపంలో ఉండే ఆర్గోనియన్‌లకూ ఒకటే. చరిత్ర, దేవుళ్లు, పేర్లు, ఒంటి తీరు, అన్నీ వేరువేరుగా అంత శ్రద్ధగా రాసి, చివరికి ఇద్దరి నోటా ఒకే మనిషిని మాట్లాడించారు.

బిచ్చగాళ్ల సంగతి అయితే ఆట ఆడిన ఎవరూ మరిచిపోరు. దగ్గరికి వెళితే వణుకుతున్న బొంగురు గొంతుతో ఒక్క నాణెం వేయమంటాడు. నాణెం వేసి, ఊళ్లో కబుర్లేమిటని అడిగితే శుభ్రమైన నిండు గొంతుతో రాజకీయాలు చెప్తాడు. కబుర్ల వాక్యాలు జాతి మొత్తానికీ ఒకేసారి రికార్డు చేసినవి కాబట్టి అలా అయింది. టాండిల్వే అనే ఎల్ఫ్ ఒక వాక్యం చెప్పి, ‘ఆగండి, ఇది మళ్లీ చెప్తాను’ అని మొదటి నుంచి చెప్పడం కూడా ఆటలోనే ఉండిపోయింది. వీటిని మేము ప్రేమగానే తలుచుకుంటాం. కానీ ఆ ప్రేమను చూసి ఇలాగే ఉన్నా పర్లేదని మీరు అనుకుంటారేమోనని నాకు భయం.

అనుకోవడం లేదని కొంత నమ్మకం 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఆబ్లివియన్‌ను కొత్త హంగులతో రీమాస్టర్ చేసినప్పుడు కొత్తగా రికార్డింగ్ చేయించి, అంతకుముందు ఒకే గొంతు పంచుకున్న జాతులకు వేరువేరు గొంతులు ఇచ్చారు. పాత ఆటకు రంగులు మాత్రమే అద్ది అమ్ముకోవచ్చు, అయినా గొంతుల కోసం ఖర్చు పెట్టారు. మనసారా మెచ్చుకుంటున్నాను. అదే బాటలో ఇంకొక్క అడుగు వేయమని అడుగుతున్నాను. జాతికి ఒక గొంతు ఇచ్చారు, ఇప్పుడు మనిషికి ఒక గొంతు ఇవ్వండి.

మనిషికి ఒక గొంతు అంటే వెయ్యిమంది నటులను తెమ్మని నా ఉద్దేశం కాదు. మీ నటుడు వెస్ జాన్సన్‌నే చూడండి. ఆబ్లివియన్‌లో ఇంపీరియల్ అనే జాతి మగవాళ్లందరి గొంతూ ఆయనదే, దుకాణదారైనా కాపలావాడైనా. అక్కడ అందరూ ఒకేలా వినిపిస్తారు. అదే ఆటలో లూసియన్ లషాన్స్ కూడా ఆయనే. మనం నిద్ర లేచేసరికి మంచం పక్కన నిలబడి, హత్య గురించి అంత మర్యాదగా, అంత మెత్తగా మాట్లాడే ఆ హంతకుడు. ఆ ఆట అనుబంధం షివరింగ్ ఐల్స్‌లో పిచ్చి దేవుడు షియోగొరాత్ కూడా ఆయనే. ఒక వాక్యంలో ముద్దు చేసి, తర్వాతి వాక్యంలో పేగులు తీస్తానంటాడు. ఆ రెండు గొంతులూ ఒకే మనిషివని చెప్తే కొత్తవాళ్లు నమ్మరు. పాత్రను చేతికిస్తే ఆయన మనిషిని సృష్టించాడు. జాతిని చేతికిస్తే జాతినే చదివాడు. లోపం నటుడిలో లేదు, ఆయన ముందు పెట్టిన కాగితంలో ఉంది. హరికథ చెప్పే దాసుగారు ఒక్కరే దశరథుడు, కైక, మంథర అన్నీ అయి కూడా ఎవరి మాట ఎవరిదో అన్న అనుమానం రానివ్వరు, ఎందుకంటే ఆ క్షణంలో తాను ఎవరో ఆయనకు తెలుసు. నటుడికి మీరు ఇవ్వాల్సింది ఆ తెలివిడి. నువ్వు ఎవరు, ఎదురుగా ఉన్నది ఎవరు, ఈ మాటకు ముందు ఏం జరిగింది, ఈ మాటతో నీకు కావలసింది ఏమిటి. అది చెప్పి, రెండో టేక్‌కు టైమ్ ఇస్తే ఒకే నటుడు పది మందిని నిలబెడతాడు.

2025 జనవరిలో వెస్ జాన్సన్ ఆసుపత్రి పాలైనప్పుడు ఆటగాళ్లు వైద్యం ఖర్చులకు చందాలు పోగు చేశారు. ఆయన ముఖం వాళ్లలో చాలామంది ఎప్పుడూ చూసి ఉండరు. తెలిసింది గొంతే.

మా తెలుగు ప్రేక్షకులకు ఇది కొత్త సంగతేమీ కాదు. తెర మీద ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది కావడం మా సినిమాల్లో మామూలే. ఆ గొంతులను మేము పేరు పెట్టి గుర్తుపడతాం. సాయికుమార్ గొంతు, రవిశంకర్ గొంతు, చిన్మయి గొంతు అని విడివిడిగా చెప్పుకుంటాం. ప్రభుత్వం ఇచ్చిన నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు వేరే బహుమతి ఉండేది. అలాంటి చెవులతో మీ ఆట ముందు కూర్చుంటాం. పైగా ఇంగ్లిష్ మాకు ఇంటి భాష కాదు. తెర మీద అక్షరాలు చదువుకుంటూ ఆడేవాళ్లు మాలో చాలామంది. మాట పూర్తిగా అర్థం కాకముందే గొంతును బట్టి మనిషిని పోల్చుకుంటాం. వీడు భయపడుతున్నాడు, ఈమె అబద్ధం చెప్తోంది, ఈ ముసలాయన నన్ను ఇష్టపడుతున్నాడు అని మాకు ముందు చెప్పేది గొంతే. రెండు పాత్రలకు ఒకే గొంతు పెడితే ఇంగ్లిష్ బాగా వచ్చినవాడికి చిన్న ఇబ్బంది, మాకు మాత్రం కథలో దారి తప్పడమే.

యాస గురించి కూడా ఒక మాట. ఇదే వరుసలో 2002 నాటి మారోవిండ్‌లో సంభాషణ దాదాపు అంతా అక్షరాల్లోనే ఉండేది. గొంతు ఎక్కువగా వినిపించేది పలకరింపుల్లో, కొట్లాటల్లోనే. అయినా డన్మర్ అనే ఎల్ఫ్ జాతివాళ్ల ఆ బొంగురు గొంతు, మనల్ని పరాయివాడా అని పిలిచే ఆ పుల్లవిరుపు, ఇరవై ఏళ్లు దాటినా మరపు రావడం లేదు. గొంతు తక్కువ విన్నా అది ఆ నేలదే అనిపించింది. స్కైరిమ్‌లో ఊరి గోడ బయట గుడారాలు వేసుకున్న ఖజీట్ వర్తకులు తమ గురించి తాము ‘ఖజీట్’ అని చెప్పుకుంటూ మెల్లగా, గురగురమని మాట్లాడటమూ అంతే. ఊళ్లోకి రానివ్వనివాళ్ల బతుకంతా ఆ మాటతీరులో ఉంది.

అయితే యాసతో ఒక ప్రమాదం ఉంది, అది మాకు అనుభవమే. మా సినిమాల్లో చాలా ఏళ్లు తెలంగాణ యాస అంటే విలన్‌కో, కమెడియన్‌కో పెట్టేవారు. హీరో మాత్రం పుస్తకం భాష మాట్లాడేవాడు. ఆ యాస ఇంట్లో మాట్లాడుకునేవాళ్లకు అది ఎంత గుచ్చుకునేదో ఇప్పుడు అందరికీ తెలుసు. ఫాంటసీ ఆటల్లోనూ ఇదే నడుస్తోంది. రాజులు, పండితులు లండన్ ఇంగ్లిష్ మాట్లాడతారు. మరుగుజ్జులంటే స్కాట్లండ్ యాస, మొరటువాళ్లంటే ఊరి యాస. బయోవేర్ అనే స్టూడియో వాళ్లు డ్రాగన్ ఏజ్ 2 ఆటలో ఈ అలవాటును కొంత మార్చారు. అడవిలో తిరిగే ఎల్ఫ్ పిల్ల మెరిల్‌కు వెల్ష్ నటి ఈవ్ మైల్స్ గొంతు పెట్టారు. ఆ యాసలో వెటకారం లేదు, ఒక ప్రాంతం ఉంది, ఒక బిడియం ఉంది. యాసను అలా వాడండి.

మీ కొత్త ఆట నిజంగా హ్యామర్‌ఫెల్‌లో జరిగేట్టయితే మనకు ఎక్కువగా ఎదురయ్యేది అక్కడి జాతి రెడ్‌గార్డ్‌లే. జాతికి ఒక గొంతు అన్న లెక్క అక్కడ మొదటి రోజే కూలిపోతుంది, ఊరంతా ఒకే జాతి కాబట్టి. దారి మీ పాత కథల్లోనే ఉంది. రెడ్‌గార్డ్‌లలో తమ పాత దేశం యోకుడా నాటి ఆచారాలను పట్టుకుని ఉండే క్రౌన్స్ ఉన్నారు, సామ్రాజ్యం పద్ధతులకు అలవాటుపడిన ఫోర్‌బేర్స్ ఉన్నారు. రేవులో బతికినవాడు, ఎడారిలో ఒంటెల వెంట బతికినవాడు ఒకేలా మాట్లాడరు. శ్రీకాకుళంవాడి మాట, అనంతపురంవాడి మాట వినగానే తేడా తెలిసే మాకు అలాంటి దేశం దొరికితే మ్యాపు తెరవకుండానే తిరుగుతాం.

ఇప్పుడు హీరో సంగతి. ఇక్కడ నా కోరిక తిరగబడినట్టు కనిపిస్తుంది, కానీ ఆలోచన ఒకటే. మిగతా అందరికీ గొంతు ఇవ్వండి, నా హీరోకు మాత్రం మీరు మాటలు పలికించకండి. 2015లో మీ ఇంకో ఆట ఫాలౌట్ 4లో హీరోకు గొంతు పెట్టారు. బ్రయన్ డెలానీ, కోర్ట్నీ టేలర్ ఒక్కొక్కరు 13,000కు పైగా వాక్యాలు చదివారు. వాళ్లు బాగా చేశారు. కానీ ఆ గొంతు వినపడగానే నేను తయారు చేసుకున్న మనిషి పక్కకు తప్పుకుని, వేరే ఎవరో నా కుర్చీలో కూర్చున్నట్టయింది. పైగా అంత రికార్డింగ్ చేయాలి కాబట్టి ప్రతి సంభాషణా నాలుగు జవాబులకు కుదించుకుపోయింది, అవీ రెండేసి ముక్కల్లో కనిపించేవి. హీరో నిజానికి ఏమంటాడో పూర్తిగా చూపించే మోడ్‌ను జనం ఎగబడి దింపుకున్నారు. 2023లో మీ స్టార్‌ఫీల్డ్ ఆటకు వచ్చేసరికి రెండున్నర లక్షల వాక్యాలు రికార్డు చేసి కూడా హీరోను మౌనంగానే ఉంచారు. సరైన పని చేశారు. దాన్ని మార్చకండి.

కానీ మౌనం అంటే గొంతే లేకపోవడం కాకూడదు. స్కైరిమ్ కథ మొత్తం గొంతు మీదే నిలబడింది. మాటలో బలం ఉందని నేర్పే ముసలి సన్యాసులు కొండ మీద ఉంటారు, వాళ్ల తరఫున మాట్లాడే ఆర్న్‌గేర్‌కు క్రిస్టోఫర్ ప్లమ్మర్ గొంతిచ్చారు. అరుపుతో డ్రాగన్లను కూల్చే మన హీరో మాత్రం ఆ అరుపులు, దెబ్బ తగిలినప్పుడు మూలుగులు తప్ప ఇంకేమీ పలకడు. ఆ అరుపులైనా మేము ఎంచుకున్నవి కావు, జాతిని, ఆడామగాను బట్టి మీరు ఇచ్చినవే. 1998లో వేరేవాళ్లు తెచ్చిన మొదటి బాల్డర్స్ గేట్ ఆటలో పాత్రను తయారు చేసుకునేటప్పుడు గొంతును విడిగా ఎంచుకోవచ్చు. కావాలంటే సొంత సౌండ్ ఫైళ్లు ఫోల్డర్‌లో వేసుకుని మన గొంతే పెట్టుకోవచ్చు కూడా. అంత పాత ఆటలో ఉన్న ఆ స్వేచ్ఛ ఇప్పటి పెద్ద ఆటల్లో అరుదు. నా ఆర్క్ ముసలి పండితుడు కావచ్చు, నా నార్డ్ పిరికిది కావచ్చు. కత్తి దూసినప్పుడు, చీకటి గుహలోకి అడుగు పెట్టినప్పుడు, తాళం తెరుచుకోనప్పుడు వాళ్ల నోటి నుంచి వచ్చే చిన్న మాటలైనా వాళ్ల వయసుకు, స్వభావానికి తగ్గట్టు ఎంచుకోనివ్వండి. సంభాషణ చెప్పే పని మా మనసు చేసుకుంటుంది.

2023 ఆగస్టులో బెల్జియం స్టూడియో లారియన్ తెచ్చిన బాల్డర్స్ గేట్ 3 పేరు మీరు విని విని ఉంటారు, అయినా ఎత్తక తప్పదు. ఆ ఆటలో జంతువులతో మాట్లాడే మంత్రం వేసుకుని ఉడుత దగ్గరికి వెళ్లినా, ఎద్దు దగ్గరికి వెళ్లినా దాని గొంతు దానికే ఉంటుంది. ఆస్టారియన్ అనే రక్తపిశాచికి నీల్ న్యూబన్ గొంతూ, కదలికలూ ఇచ్చాడు. మొదట్లో ప్రతి మాటా వేదిక మీద చెప్పినట్టు సాగదీసి, వగలుపోతూ చెప్తాడు. అదంతా రెండు వందల ఏళ్ల బానిసత్వం నేర్పిన వేషమని మెల్లగా తెలుస్తుంది. తనను హింసించిన కజడార్‌ను చివరికి పొడిచి పొడిచి చంపాక ఆ వేషం మొత్తం ఊడిపోయి, నేల మీద కూలబడి ఏడుస్తాడు. అక్కడ వినిపించే గొంతు అంతకుముందు అన్ని గంటల్లో ఒక్కసారి కూడా వినపడలేదు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటన బహుమతి ఆయనకే వచ్చింది. మీ ఆట ఆ ఆటలా ఉండాలని నేను కోరుకోవడం లేదు. మీ లోకంలో కొండ కనిపిస్తే ఎక్కేయవచ్చు, కథ వదిలేసి నెల రోజులు చేపలు పట్టుకోవచ్చు, అది ఇంకెవరూ ఇవ్వలేరు. ఆ కొండ మీద కలిసే మనిషి కూడా ఒక్కడే అయ్యుండాలి, అంతే. మేము తయారు చేసుకున్న హీరో విషయంలో మాత్రం లారియన్ కూడా పిసినారితనమే చూపించింది. ఎంచుకోవడానికి ఎనిమిది గొంతులే, సంభాషణల్లో ఒట్టి ముఖకవళికలే. మీరు వాళ్లను దాటగలిగేది అక్కడే.

చివరిగా యంత్రం గొంతుల గురించి. 2024 జూలైలో అమెరికాలో మీ నటుల సంఘం సాగ్-ఆఫ్ట్రా ఆటల కంపెనీల మీద సమ్మె మొదలుపెడితే అది మరుసటి ఏడాది జూన్ దాకా సాగింది. ప్రధానమైన గొడవ ఏఐ గురించే. మా గొంతును కాపీ తీసి మమ్మల్ని అడగకుండా వాడుకోకూడదన్నారు వాళ్లు. వాళ్ల భయం ఊహ కాదు. 2023లోనే స్కైరిమ్ నటుల గొంతులను ఏఐతో కాపీ తీసి, వాళ్లు ఎన్నటికీ ఒప్పుకోని అసభ్యమైన మాటలు పలికించిన మోడ్లు బయటికొచ్చి ఆ నటులు నిరసన తెలిపారు. ఇంత పెద్ద ఆటలో చిన్న పాత్రలకు ఏఐ గొంతు పెడితే ఏం పోయిందని మీ దగ్గర ఎవరో ఒకరు అడిగే ఉంటారు. పోయేది లిడియా. అంగరక్షకురాలు కూడా కాగితం మీద చిన్న పాత్రే. ‘ప్రమాణం చేశాను’ అన్న వాక్యాన్ని యంత్రానికి ఇస్తే విధేయతే చదువుతుంది, ఎందుకంటే అక్షరాల్లో ఉన్నది అదే. ఆ విసుగు ఒక నటి తన గొంతులోంచి తెచ్చింది. ఏ చిన్న పాత్ర జనం గుండెల్లో కూర్చుంటుందో ముందే లెక్క కట్టడం మీ తరమూ కాదు, ఎవరి తరమూ కాదు. కాబట్టి వీళ్లకు మనుషులు చాలు, వాళ్లకు యంత్రం చాలని గీత గీయకండి. ముందు పాత్రల సంఖ్య తగ్గించుకోండి. ఊళ్లో వందమంది బదులు నలభై మంది ఉన్నా ఒప్పుకుంటాం, ఆ నలభై మందీ ఎవరికి వారుగా ఉంటే.

మీ స్కైరిమ్ ఆడుతూ వీడియోలు చేసిన షర్లీ కర్రీ అనే పెద్దావిడను కొత్త ఆటలో ఒక పాత్రగా పెడతామని 2019లో మాట ఇచ్చారు. అభిమానులందరం అడిగిందే అది. ఒక్క మనిషిని ఆ మనిషిగానే మీ లోకంలోకి తెస్తామన్న ఆ మాట విన్నప్పుడు మీకు ఈ విషయం బాగానే అర్థమైందనిపించింది. ఆవిడ విషయంలో చూపించిన పట్టింపే సత్రం నడిపేవాడి మీద, గుర్రాలు కాసేవాడి మీద కూడా చూపించండి.

ఇంకో చిన్న కోరిక, ఖర్చు లేనిది. ఆట అయిపోయాక పేర్లు వేసేటప్పుడు నటుల పేర్లన్నీ ఒకచోట కుప్పపోయకుండా, ఏ పాత్రకు ఎవరు గొంతిచ్చారో చిన్న పాత్రలతో సహా పక్కపక్కనే రాయండి. సంతలో చేపలమ్మే ఆవిడ మాట నచ్చితే ఆమె ఎవరో చూసుకుని, ఇంకే ఆటలో పలికిందో వెతుక్కుని అది కూడా ఆడతాం.

ఇట్లు,
మారోవిండ్ నాటి నుంచి మీ ఆటలు వింటున్న ఒక తెలుగు అభిమాని